మిడ్‌వైఫ్ దగ్గర కాన్పు, పుట్టిన బిడ్డ: మీరు నన్ను అడుగుతున్న ప్రశ్నలు

మా చిన్నపాప మిడ్‌వైఫ్‌ల చేతుల్లో పుట్టిందని తెలిసినప్పటి నుంచి చుట్టాలు, స్నేహితులు, వాళ్ళ స్నేహితులు ఫోన్ చేస్తూనే ఉన్నారు. చాలామందికి ఏడో నెలో ఎనిమిదో నెలో ఉంటుంది. పక్కగదిలో అత్తమ్మకు వినపడకుండా మెల్లగా మాట్లాడతారు. ఎక్కువసార్లు అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, నర్సునూ కాదు. కరీంనగర్ వైపు ఆడపిల్లను. నా మొదటి కాన్పు ప్రైవేటు ఆసుపత్రిలో పెద్దాపరేషన్, రెండోది గవర్నమెంటు దవాఖానలో నార్మల్. మందులు, పరీక్షల విషయం మాత్రం మిమ్మల్ని చూసే డాక్టరమ్మనో మిడ్‌వైఫ్‌నో అడిగి ఖాయం చేసుకోండి.

మిడ్‌వైఫ్ అంటే మంత్రసానే కదా?

కాదు. అయినా ఈ ప్రశ్న అడిగినవాళ్ళను నేను తప్పుపట్టను. మా అమ్మ నోట్లోంచి మొదట వచ్చిన మాటా అదే. మా ఊళ్ళో ఆమె తరం వరకు పురుళ్ళు పోసింది ఒక మంగలి అవ్వ. హస్తవాసి మంచిదని పక్క ఊళ్ళ నుంచి బండి కట్టుకొని వచ్చి ఆమెను తీసుకుపోయేవాళ్ళట. అర్ధరాత్రి పిలిచినా వచ్చేది. నొప్పులు పడుతున్న మనిషి నడుము రుద్దుతూ తెల్లారేదాకా పక్కనే కూర్చునేది. ఆ ఓపికకు దండం పెట్టాలి. కానీ రక్తం ఆగకపోతే ఆమె దగ్గర మందు లేదు. బిడ్డ ఏడవకపోతే ఊపిరి అందించే సాధనం లేదు. అలా పోయినవాళ్ళ పేర్లు మా అమ్మకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఇప్పటి మిడ్‌వైఫ్ నర్సింగ్ చదివి, ఆపైన 18 నెలలు కాన్పుల మీదే శిక్షణ పొందిన మనిషి. హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011లోనే ఇలాంటి చదువు మొదలుపెట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆ సంస్థతో, యునిసెఫ్‌తో కలిసి స్టాఫ్ నర్సులను ఎంపిక చేసి శిక్షణ ఇప్పించింది. మరుసటి ఏడాది డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చి, ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ’ అనే పేరు ఖాయం చేసింది. నాకు అర్థమైన తీరులో చెప్పాలంటే, అవ్వ ఓపిక, దవాఖాన చదువు ఒకే మనిషిలో ఉంటే ఆమె మిడ్‌వైఫ్.

డాక్టర్ లేకుండానే కాన్పు చేస్తారా? ఏమైనా అయితే?

డాక్టర్ అదే భవనంలో ఉంటారు. అంతా సవ్యంగా సాగుతున్నంతసేపు మిడ్‌వైఫ్ చూసుకుంటుంది, దారి తప్పుతోందనిపిస్తే డాక్టర్‌ను పిలుస్తుంది. ఆ తేడా పసిగట్టడమే ఆమె చదువులో అసలు భాగం. నొప్పులు ఊపందుకున్నాక బిడ్డ గుండె చప్పుడు ప్రతి 15 నుంచి 30 నిమిషాలకోసారి, ముక్కే సమయంలో అయిదేసి నిమిషాలకోసారి వినాలి. బీపీ, నాడి, నొప్పుల వరస అన్నీ ఒక చార్టులో రాసుకుంటూ పోవాలి. వంద మంది తిరిగే లేబర్ రూములో ఒక్క డాక్టర్ ఇన్ని గంటలు ఒక మనిషి పక్కనే కూర్చోవడం ఎట్లా కుదురుతుంది? మిడ్‌వైఫ్ కూర్చుంటుంది, అదే ఆమె పని. నా కాన్పులో డాక్టరమ్మ రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు. మిగతా తొమ్మిది గంటలూ నా పక్కన మిడ్‌వైఫే ఉంది.

నాకు బీపీ ఉంది. నేనూ మిడ్‌వైఫ్ దగ్గరికి వెళ్ళొచ్చా?

వెళ్ళండి, మాట్లాడండి, కానీ మీ కాన్పు నడిపించేది డాక్టరే. బీపీ, షుగర్, గుండె జబ్బు, కవలలు, బిడ్డ అడ్డంగా ఉండటం, మాయ కిందికి ఉండటం, తీవ్రమైన రక్తహీనత ఉన్నవాళ్ళకు డాక్టర్ సంరక్షణ తప్పనిసరి. అలాంటప్పుడు కూడా మిడ్‌వైఫ్ తోడు ఉండొచ్చు.

ఎక్కడ దొరుకుతారు? ఖర్చు ఎంత?

తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల్లో, మాతా శిశు కేంద్రాల్లో అడగండి. మిగతాచోట్ల మీ ఏఎన్ఎంనో ఆశా కార్యకర్తనో ‘శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ ఏ దవాఖానలో ఉంది’ అని సూటిగా అడిగితే మంచిది. ప్రభుత్వ ఆసుపత్రిలో మీరు రూపాయి కట్టనక్కర్లేదు. 2011 నుంచి అమలులో ఉన్న జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద నార్మలైనా ఆపరేషనైనా మందులు, రక్తం, పరీక్షలు ఉచితం. నార్మల్‌కు మూడు రోజులు, ఆపరేషన్‌కు ఏడు రోజులు భోజనం పెట్టాలి. రావడానికీ ఇంటికి పోవడానికీ 102 బండి ఉంది. ‘మామూలు’ ఎవరైనా అడిగితే ఇవ్వకండి. అది అడగడం తప్పు, ఇవ్వకపోవడం మీ హక్కు.

మొదటిసారి ఎప్పుడు చూపించుకోవాలి? ఏమేం పరీక్షలు?

నెల తప్పిందని తెలిసిన వెంటనే, 12 వారాలు దాటకముందే. కనీసం నాలుగుసార్లు చూపించుకోవాలని పాత లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి ఎనిమిదిసార్లు అంటోంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో డాక్టర్లు గర్భిణులను ఉచితంగా చూస్తారు, ఆ రోజు పొద్దున్నే వెళ్ళండి.

హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే రక్తహీనత, 7 కంటే తక్కువైతే ప్రమాదం. నాలుగో నెల నుంచి ఐరన్ మాత్రలు కనీసం 180 రోజులు, కాన్పు తరవాత మరో 180 రోజులు వేసుకోవాలి. కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దు, టీ తాగిన వెంటనే కూడా వద్దు, ఐరన్ ఒంటికి పట్టదు. మలం నల్లగా వస్తే భయపడి మానేసేవాళ్ళను చాలామందిని చూశాను. అది మామూలే. షుగర్ కోసం 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటలకు రక్తం తీస్తారు, 140 దాటితే జాగ్రత్తపడాలి. 18 నుంచి 20 వారాల మధ్య స్కానింగ్‌లో బిడ్డ అవయవాలు చూస్తారు. ఆడో మగో అడగడం, చెప్పడం రెండూ 1994 చట్టం ప్రకారం నేరం.

పురుడు పుట్టింట్లోనే కదా పోసుకునేది! చివర్లో దవాఖాన మారితే ఎట్లా?

ఇది మన దగ్గర పెద్ద చిక్కు. ఏడో నెల దాకా ఒక డాక్టర్ చూస్తారు, సీమంతం కాగానే పుట్టింటికి వెళ్తాం, అక్కడ ఎవరికీ మన సంగతి తెలియదు. వీలైతే సీమంతానికి ముందే ఒకసారి పుట్టింటి దగ్గరి దవాఖానకు వెళ్ళి పేరు రాయించుకోండి. కాగితాలన్నీ, పాత స్కానింగ్‌లతో సహా, ఒకే సంచిలో పెట్టుకోండి. ఆ సంచి మీ చేతిలోనే ఉండాలి.

మన దగ్గర ఇంతమందికి ఆపరేషన్లు ఎందుకు అవుతున్నాయి?

2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తం మీద 21.5. ప్రైవేటు ఆసుపత్రుల లెక్క విడిగా తీస్తే తెలంగాణలో 81.5, ఆంధ్రలో 63. మా కరీంనగర్ జిల్లాలో అన్ని ఆసుపత్రులూ కలిపి చూసినా ఎనభై దాటింది. అంటే మా ఇంటి పక్కన అయిదుగురు కడుపుతో ఉంటే నలుగురికి కోత. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటల్లో, ఒక జనాభాలో ఆపరేషన్లు పది శాతం దాటాక తల్లుల, బిడ్డల మరణాలు అంతకుమించి తగ్గడం కనిపించదు.

తెలంగాణ ఆడవాళ్ళ కటి ఎముకలకు ఏమీ కాలేదు. కారణాలు వేరే ఉన్నాయి. నార్మల్ కాన్పుకు పన్నెండు గంటలో పద్దెనిమిది గంటలో మనిషి కాపలా ఉండాలి, ఆపరేషన్ గంటలో అయిపోతుంది. ప్రైవేటులో ఆపరేషన్ బిల్లు పెద్దది. కాన్పులో ఏదైనా జరిగితే బంధువులు గొడవకు వస్తారని డాక్టర్ల భయం. నొప్పులంటే మన భయం. మొదటిది ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనే అన్న ధోరణి ఉంది కాబట్టి లెక్క ప్రతి ఏటా పేరుకుపోతుంది. తప్పు ఒక్కరిదే అని నేననను. కానీ పక్కన కూర్చునే మనిషి లేకపోవడమే వీటన్నిటి కింద ఉన్న లోటు అని మాత్రం నమ్ముతున్నాను. ఆ మనిషే మిడ్‌వైఫ్.

డాక్టర్ ఆపరేషన్ అన్నారు. అవసరమో కాదో నాకు ఎట్లా తెలుస్తుంది?

అవసరమైనప్పుడు ఆపరేషన్ ప్రాణదానం. మాయ దారికి అడ్డంగా ఉంటే, బిడ్డ అడ్డంగా నిలిచిపోతే, గుండె చప్పుడు పడిపోతుంటే, నొప్పులు బలంగా వస్తున్నా గంటల తరబడి ముందుకు సాగకపోతే, గుర్రపువాతం (బీపీ పెరిగి ఫిట్స్ రావడం) వచ్చి తల్లి పరిస్థితి క్షీణిస్తుంటే ఆలస్యం చేయకూడదు. అప్పుడు సంతకం పెట్టేయండి.

నా సంగతి వేరు. 38 వారాలకు మామూలు చెకప్‌కు వెళ్ళాను. నొప్పుల్లేవు, బిడ్డ బాగా కదులుతోంది. స్కానింగ్ చూసి ‘బొడ్డుతాడు మెడకు చుట్టుకుంది, రేపు పొద్దున్నే వచ్చేయండి’ అన్నారు. ఆ మాట విన్నాక ఏ తల్లయినా ఏమడుగుతుంది? మా ఆయన ముఖం తెల్లబోయింది. నేను ఏడుస్తూ సంతకం పెట్టాను. తరవాత ఏళ్ళకు తెలిసింది, బొడ్డుతాడు మెడకు చుట్టుకోవడం సుమారు నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరికి ఉంటుందని, ఒక్క ఆ కారణానికే కోయనక్కర్లేదని. చాలాసార్లు తల బయటికి రాగానే మెడ మీద నుంచి తాడు తీసేస్తారు, అంతే. నా పెద్దపాప క్షేమంగా పుట్టింది, అందుకు ఎప్పుడూ కృతజ్ఞురాలినే. కానీ ఆ సాయంత్రం నాకు ఎవరూ ఏమీ విడమరిచి చెప్పలేదన్న బాధ పోలేదు.

అందుకే నన్ను అడిగేవాళ్ళకు నాలుగు మాటలు నేర్పుతాను. ‘ఇప్పుడే చేయకపోతే ఏమవుతుంది? ఒకరోజు ఆగితే ప్రమాదమా? వేరే దారి ఉందా? ఉమ్మనీరు తగ్గిందంటున్నారు, ఎంత ఉంది?’ మర్యాదగా అడగండి. మంచి డాక్టర్ కోప్పడరు. ‘డేట్ దాటింది’ అన్నప్పుడు కూడా ఆ డేట్ ఒక అంచనా అని గుర్తుపెట్టుకోండి. 37 నుంచి 42 వారాల మధ్య ఎప్పుడు వచ్చినా నెలలు నిండినట్టే. 41 వారాలు నిండాక మాత్రం నొప్పులు రప్పించడం గురించి డాక్టర్‌తో మాట్లాడాలి, ఇంట్లో కూర్చోకూడదు.

మంచి ముహూర్తంలో తీయించుకుంటే తప్పేముంది?

ముహూర్తం కోసం 39 వారాలకు ముందే తీస్తే బిడ్డకు ఊపిరి అందక అద్దాల పెట్టెలో ఉంచాల్సి రావచ్చు. మా మామయ్యకు పంచాంగం మీద ఎంతో గురి. ఆయనకు నేను చెప్పిందొకటే: బిడ్డ తనంతట తాను వచ్చిన ఘడియే మంచి ఘడియ. ఆయన ఒప్పుకున్నారు.

మొదటిది ఆపరేషన్. రెండోది నార్మల్ అవుతుందా?

అవుతుంది, అందరికీ కాదు. అడ్డంగా, కింది భాగంలో కోసిన ఒక్క ఆపరేషన్ అయి ఉండి, ఇతర చిక్కులు లేకపోతే, ప్రయత్నించిన నలుగురిలో దాదాపు ముగ్గురికి నార్మల్ అవుతుందని బ్రిటన్ ప్రసూతి డాక్టర్ల సంఘం లెక్క. గర్భసంచి పాత కుట్టు దగ్గర విడిపోయే ప్రమాదం 200 మందిలో ఒకరికి ఉంటుంది. ఇది చిన్న అంకె, కానీ వస్తే నిమిషాల మీద ఆపరేషన్ కావాలి. కాబట్టి ఆపరేషన్ థియేటర్, రక్తం, మత్తు డాక్టర్ ఇరవై నాలుగు గంటలూ ఉన్న దవాఖానలోనే ప్రయత్నించాలి. మొదటి కాన్పు డిశ్చార్జి కాగితం తప్పకుండా ఉండాలి. కాన్పుల మధ్య ఏడాదిన్నర, రెండేళ్ళు ఎడం ఉంటే మంచిది.

నాకు నాలుగేళ్ళ ఎడం. మూడు ఆసుపత్రుల్లో ‘కుదరదు’ అన్నారు. నాలుగోది గవర్నమెంటు మాతా శిశు కేంద్రం. అక్కడ డాక్టరమ్మ పాత కాగితం అయిదు నిమిషాలు చదివి, ‘ప్రయత్నిద్దాం, కానీ నేను ఆపమన్న క్షణం ఆగుదాం, సరేనా?’ అన్నారు. ఆ ‘సరేనా’ నాకు ఎంత ధైర్యం ఇచ్చిందో! నా ఒప్పుదల కూడా అడిగారు కదా, అందుకే.

నొప్పులు తట్టుకోగలనా?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే, అడగలేక అడిగేదీ ఇదే.

నొప్పి ఉంటుంది, దాచను. కానీ అది అలల్లాగా వస్తుంది, పోతుంది, మధ్యలో తెరిపి ఇస్తుంది. భయం ఆ తెరిపిని కూడా తినేస్తుంది. నా మిడ్‌వైఫ్ చేసిందల్లా నాకు ఆ తెరిపి దక్కేలా చూడటం. నన్ను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టలేదు. నడిపించింది. పెద్ద రబ్బరు బంతి మీద కూర్చోబెట్టి నడుము ఊపమంది. నొప్పి వచ్చినప్పుడల్లా నడుము కింది ఎముక దగ్గర అరచేత్తో గట్టిగా అదిమి పట్టేది. వేడి నీళ్ళ కాపడం పెట్టింది. కొబ్బరినీళ్ళు తాగించింది, రెండు ఇడ్లీలు తినిపించింది. ఒకచోట నేను ‘అక్కా, నావల్ల కాదు, కోసెయ్యమనండి’ అని ఏడ్చాను. ఆమె కంగారుపడలేదు, తిట్టలేదు. ‘అట్ల అనిపించే ఘట్టమే ఇది బిడ్డా, ఇంక దగ్గరికొచ్చినవ్’ అంది. నిజంగానే దగ్గరికొచ్చాను.

లెక్క కూడా తెలిసి ఉంటే గాభరా తగ్గుతుంది. గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలు నొప్పులు మొదలైనట్టని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అక్కడి నుంచి తొలికాన్పుకు 12 గంటల దాకా, తరవాతి కాన్పులకు 10 గంటల దాకా పట్టొచ్చు. అంతకుముందు ఒకరోజంతా వచ్చిపోయే నొప్పులకు దవాఖానకు పరుగెత్తి, ‘ఇంకా సాగట్లేదు’ అనిపించుకొని, ఆపరేషన్ దాకా వెళ్ళినవాళ్ళు నాకు తెలుసు. అంతా బాగున్నప్పుడు మొదటి గంటలు ఇంట్లోనే నడుస్తూ గడపొచ్చు, దవాఖాన దగ్గర్లో ఉంటే. పాత కుట్టు ఉన్నవాళ్ళు మాత్రం నొప్పి మొదలవగానే వెళ్ళాలి. మరీ ఓర్వలేకపోతే వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ మందు ఉంది. అది తీసుకున్నంత మాత్రాన మీరు తక్కువ తల్లి అయిపోరు.

కింద కోత తప్పదా? పొట్ట నొక్కుతారట కదా?

ప్రతి ఒక్కరికీ కోత అవసరం లేదు. బిడ్డ ఇబ్బందిలో ఉంటేనో, పరికరం వాడాల్సి వస్తేనో చేస్తారు. మిడ్‌వైఫ్‌లు వెచ్చని గుడ్డ కాపడం పెట్టి, మెల్లగా ముక్కమని చెప్పి, చర్మాన్ని సాగనిస్తారు. మిడ్‌వైఫ్‌ల ఆధ్వర్యంలో సాగే సంరక్షణలో కోతలు తగ్గుతాయని, తల్లులు తృప్తిగా ఉంటారని చాలా దేశాల అధ్యయనాలు కలిపి చూసిన కోక్రేన్ సమీక్షల్లో తేలింది. పొట్ట మీద ఎక్కి నొక్కడం మంచిది కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంది. కింది వెంట్రుకలు పూర్తిగా గీయడం, ఎనిమా ఇవ్వడం కూడా మామూలుగా చేయాల్సిన పనులు కావు. తిట్టడం, చెంపమీద కొట్టడం గురించి వేరే చెప్పాలా? ఎవరు చేసినా సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

లోపలికి అమ్మను రానిస్తారా?

రానివ్వాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో ఒక ఆడతోడు ఉండొచ్చని 2016లోనే కేంద్రం చెప్పింది. ఇదివరకు కాన్పు చూసిన మనిషి అయితే మేలు. భర్త రావాలంటే గదికి తెరలో, విడి గదో ఉండాలి. ముందే అడిగి తెలుసుకోండి.

మిడ్‌వైఫ్ వస్తే ఇంట్లోనే పురుడు పోసుకోవచ్చా?

మన దగ్గర వద్దు. బ్రిటన్‌లో మిడ్‌వైఫ్‌లు ఇంటికొచ్చి కాన్పు చేస్తారు, వాళ్ళ వెనకాల అంబులెన్సు, ఆసుపత్రి అన్నీ ఒక వరసలో సిద్ధంగా ఉంటాయి. ఇక్కడ ఆ వరస లేదు.

ఏ లక్షణాలకు వెంటనే పరుగెత్తాలి?

రక్తం కనపడితే, ఉమ్మనీరు పోతే, బిడ్డ కదలిక తగ్గిందనిపిస్తే, తలనొప్పి తగ్గకుండా కళ్ళు మసకలు కమ్మితే, ముఖం చేతులు ఉబ్బితే, ఫిట్స్ వస్తే, బీపీ 140/90 చేరితే అదే గంటలో బయలుదేరండి. కాన్పు తరవాత గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, చలిజ్వరం వచ్చినా, కింద నుంచి చెడు వాసన వచ్చినా, ఒక పిక్క వాచి నొప్పి పుట్టినా అంతే. 108కి ఫోన్ చేయండి. ‘తెల్లారనీ’ అనే పెద్దవాళ్ళ మాట ఈ ఒక్కచోట వినకండి.

బిడ్డ పుట్టగానే మేము చెప్పుకోవాల్సినవి ఏమైనా ఉంటాయా?

ఉంటాయి. అప్పటికప్పుడు అడిగే ఓపిక ఉండదు కాబట్టి ముందే ఒక కాగితం మీద రాసి మీ అమ్మకో అక్కకో ఇచ్చి పెట్టండి.

బొడ్డుతాడు వెంటనే కోయకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగమనండి. మాయలోని రక్తం బిడ్డకు చేరుతుంది, రక్తహీనత రాకుండా కాపాడుతుంది. తుడిచి బట్టలో చుట్టి పక్కన పెట్టకుండా నేరుగా మీ గుండెల మీద, ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టమనండి. నా చిన్నదాన్ని అలాగే పడుకోబెట్టారు. నా పెద్దదాన్ని నేను ఆరు గంటల తరవాత చూశాను. ఆపరేషన్ అయినా, తల్లి తెలివిలో ఉంటే థియేటర్‌లోనే ఛాతీ మీద పెట్టొచ్చని నాకు అప్పుడు తెలిసి ఉంటే అడిగేదాన్ని.

స్నానం ఇరవై నాలుగు గంటలు ఆగనివ్వండి. ఒంటిమీద తెల్లటి జిడ్డు మురికి కాదు, బిడ్డకు అదే దుప్పటి. విటమిన్ కె సూది తప్పకుండా వేయించండి, లోపల రక్తస్రావం కాకుండా కాపాడేది అదే. బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటలలోపు హెపటైటిస్ బి టీకా ఇంటికి పోకముందే అయిపోవాలి. ఆ తరవాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు. టీకాల విషయంలో ఎంపిక అనే మాటే నేను వాడను.

పాలు పడట్లేదు. డబ్బా పాలు పట్టమంటున్నారు.

మొదటి మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. చెంచాడే ఉంటాయి, పచ్చగా చిక్కగా ఉంటాయి. మా నాయనమ్మ కాలంలో వాటిని పిండి పారబోసేవాళ్ళు. పుట్టిన రోజు బిడ్డ పొట్ట గోలీకాయంత. ఆ చెంచాడే దానికి విందు. గంటలోపు రొమ్ము అందించండి, ఆపై రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు. ఎంత చీకితే అంత ఊరతాయి, డబ్బా మొదలుపెడితే ఊరడం తగ్గుతుంది. మొదటివారం బిడ్డ బరువు కాస్త తగ్గడం మామూలే, రెండు వారాలకు మళ్ళీ వచ్చేస్తుంది. వారం దాటాక రోజుకు ఆరుసార్లు మూత్రం పోస్తోందంటే పాలు సరిపోతున్నాయి.

రొమ్ము పగిలి రక్తం వస్తుంటే చాలాసార్లు బిడ్డ నోరు చనుమొనను మాత్రమే పట్టుకుందని అర్థం. చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి పోవాలి. మిడ్‌వైఫ్ పక్కన కూర్చొని పట్టించడం నేర్పితే రెండు రోజుల్లో సర్దుకుంది నాకు. నిజంగా పోతపాలు అవసరమయ్యే తల్లులూ ఉన్నారు. అప్పుడు డాక్టర్ చెప్పిన కొలత ప్రకారం, సీసాతో కాకుండా ఉగ్గుగిన్నెతో పట్టండి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా వద్దు, మే నెల కరీంనగర్ ఎండల్లో కూడా.

పెద్దవాళ్ళు చెప్పేవన్నీ మానేయాలా?

లేదు. ఒక ఆడమనిషిని నలభై రోజులు ఇంటిపని చేయనివ్వకుండా, వేడన్నం పెట్టి, నూనె రాసి, వేడినీళ్ళు పోసి చూసుకునే ఆచారం ఎంత గొప్పది! దాన్ని వదులుకోవద్దు. బిడ్డకు మెల్లటి నూనె మర్దన మంచిదే. వదిలేయాల్సినవి కొన్నే. నాలుకకు తేనె రాయొద్దు. కంట్లో కాటుక పెట్టొద్దు, దిష్టిచుక్క అరికాలికి పెట్టండి. ముక్కులో, చెవిలో నూనె పోయొద్దు. బొడ్డు మీద బూడిద, పసుపు వేయొద్దు, పొడిగా ఉంచితే అదే రాలిపోతుంది. సాంబ్రాణి పొగ బిడ్డ ఊపిరికి పడదు. బాలింతకు నీళ్ళు తగ్గించే పథ్యం, పప్పు కూరలు మాన్పించే పథ్యం వద్దు. కాయం (బాలింతలకు పెట్టే లేహ్యం) తినండి, దాంతోపాటు గుడ్డు, ఆకుకూర, పాలు కూడా తినండి.

కాన్పు తరవాత 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి రావాలి. రాకపోతే పిలవండి. అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినా, పాలు తాగడం మానినా, ఒళ్ళు చల్లబడినా కాలిపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా ఆమె కోసం ఆగకుండా దవాఖానకు వెళ్ళండి. పుట్టిన 24 గంటల్లోనే పసిరికలు (కామెర్లు) కనపడితే మరీ తొందర.

బిడ్డ పుట్టింది, కానీ నాకు సంతోషమే లేదు. ఇదేమిటి?

ఈ మాట నాకు ఫోన్‌లో చెప్పిన మూడో మనిషికి నేనే ఏడ్చేశాను, ఎందుకంటే నాకూ అయింది, మొదటిసారి. తొలి పది పదిహేను రోజులు ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోతే, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాకపోతే, చచ్చిపోవాలనో బిడ్డకు ఏదో చేయాలనో ఆలోచన వస్తే అది జబ్బు. మందు ఉంది, నయమవుతుంది. దిష్టి కాదు, గాలి కాదు, మీ తప్పు అసలే కాదు. టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లోవాళ్ళకు నా విన్నపం: ‘మళ్ళీ ఆడపిల్లేనా’ అన్న మాట బాలింత చెవిన పడనివ్వకండి. నాకు పడింది.

మేము లండన్‌లో ఉంటున్నాం. ఇక్కడ డాక్టరే కనపడట్లేదు, అంతా మిడ్‌వైఫే చూస్తోంది. భయంగా ఉంది.

మీరు అదృష్టవంతులు. అక్కడి పద్ధతే అది. చిక్కులు లేని గర్భిణిని మొదటి నుంచి చివరి వరకు మిడ్‌వైఫే చూస్తుంది, డాక్టర్ అవసరమైతేనే వస్తారు. పది వారాలలోపు మొదటి బుకింగ్ (పేరు రాయించుకునే తొలి చెకప్) జరగాలి. ఇంగ్లీషు ఇబ్బందైతే అనువాదకుడిని ఉచితంగా ఇస్తారు. నొప్పులకు నోటి దగ్గర గొట్టమో మాస్కో పెట్టుకొని పీల్చే గ్యాస్ ఉంటుంది. విటమిన్ కె వంటివి మిమ్మల్ని అడిగే ఇస్తారు. ఇంటికి వచ్చాక పది రోజుల వరకు మిడ్‌వైఫ్, ఆ తరవాత హెల్త్ విజిటర్ (పసిపిల్లల్ని చూసే నర్సు) చూసుకుంటారు. బిడ్డ బరువు, టీకాలు రాసే ఎర్ర పుస్తకం జాగ్రత్తగా ఉంచి, ఇండియాకు వచ్చేటప్పుడు తెచ్చుకోండి, ఇక్కడి టీకాల వరసతో సరిచూస్తారు.

సెలవు, డబ్బు, బర్త్ సర్టిఫికెట్?

ఉద్యోగినులకు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు, 2017 సవరణ ప్రకారం. మాతృ వందన యోజన కింద అర్హత ఉన్న తల్లులకు మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, రెండోది ఆడపిల్ల అయితే 6,000. తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్టు పథకంలో ఆడపిల్లకు 13,000, మగపిల్లవాడికి 12,000 అని పెట్టారు. రాష్ట్ర పథకాల పేర్లు, సొమ్ములు మారుతుంటాయి కాబట్టి మీ ఆశా కార్యకర్తను అడిగి, పేరు మూడో నెలలోనే రాయించుకోండి.

పుట్టిన 21 రోజులలోపు నమోదు ఉచితం. ఆసుపత్రిలో పుడితే సమాచారం వాళ్ళే పంపుతారు. బారసాల ఇరవై ఒకటో రోజున ఉందని కంగారుపడొద్దు, పేరు లేకుండానే నమోదు చేయించి ఏడాదిలోపు ఉచితంగా చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1న గానీ ఆ తరవాత గానీ పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, పాస్‌పోర్టుకు ఈ సర్టిఫికెట్టే ఆధారం. డిశ్చార్జి రోజున బ్యాగు సర్దుకునే హడావుడిలో మా పెద్దదాని కాగితంలో నా పేరు స్పెల్లింగ్ తప్పు పడింది, సరిచేయించడానికి నాలుగుసార్లు తిరిగాను. ఆధార్ కార్డు పక్కన పెట్టుకొని అక్షరం అక్షరం చదివాకే దవాఖాన గేటు దాటండి.